మా ఇంటి పెళ్లి క్యాసెట్‌ని "కాపీ ప్రొటెక్టెడ్" అంటోంది, ఏం చేయాలి?

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ)

అందరికీ నమస్తే. అమ్మానాన్నల పెళ్లి 1991లో తెనాలిలో అయింది. ఆ వీడియో క్యాసెట్ ఇన్నాళ్లూ బీరువాలో చీరల మధ్య ఉంది. వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. అప్పటికల్లా డిజిటల్‌లోకి మార్చి ఫంక్షన్ హాల్లో తెర మీద వేస్తానని అందరికీ చెప్పేశాను.

తెలిసినవాళ్ల దగ్గర వీసీఆర్ దొరికింది. ఎర్ర, తెల్ల, పసుపు వైర్లతో డీవీడీ రికార్డర్‌కి కలిపాను. టీవీలో బొమ్మ చూడ్డానికి బాగానే ఉంది. రికార్డు నొక్కితే ఎదురుసన్నాహం దాకా ఎక్కింది. జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి మెషీను ఆగిపోయి, ఇది కాపీ ప్రొటెక్టెడ్ ప్రోగ్రాం, రికార్డు చేయడం కుదరదు అంటోంది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టినా ఇంచుమించు అక్కడే ఆగుతోంది. వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికితే అది కూడా తెప్పించాను. అందులో అదే చోట నీలం తెర.

పెళ్లి క్యాసెట్‌కి లాక్ ఎవరు వేస్తారండీ? తీసిన స్టూడియో ఆయన వేసి ఉంటాడా? అది మూసేసి చాలా ఏళ్లయింది. నిజంగా టెన్షన్‌గా ఉంది.

---

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ)

కట్నం లెక్కలు బయటికి రావొద్దని మీ తాతనే లాక్ వేయించిండేమో అన్నా. టీవీ ముంగట ఫోన్ పెట్టి తీసెయ్, అయిపోతది.

---

డెక్కు_మెకానిక్ (గుంటూరు)

ఫోన్‌తో తీస్తే తెర మీద నల్ల పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటాయి తమ్ముడూ. పెళ్లి వీడియోని అట్లా చూపిస్తే పెద్దవాళ్లు ఏమంటారో తర్వాత సంగతి, నేనైతే ఊరుకోను.

కృష్ణలంక బాబూ, నాలుగు విషయాలు చెప్పు.

ఒకటి, క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడు. తెల్లగా బూజు పట్టినట్టు ఉందా? ఉంటే ఇంకోసారి వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ ఫంగస్ టేపుని చదివే హెడ్డుకి అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. మన కోస్తా ఉక్కకి ఇది మామూలే.

రెండు, ఆగిపోయే చోట బొమ్మ అడుగున గజిబిజి గీతలు ఉన్నాయా? పైన బొమ్మ ఒక పక్కకి వంగుతోందా?

మూడు, ట్రాకింగ్ (టేపు మీది గీతలకి హెడ్డుని సరిచేసే మీట) తిప్పి చూశావా?

నాలుగు, ఇది మొదటి క్యాసెట్టేనా, దాన్నుంచి తీసిన కాపీనా? అప్పట్లో పెళ్లికొడుకు వాళ్లకి ఒకటి, పెళ్లికూతురు వాళ్లకి ఒకటి ఇచ్చేవారు.

---

పిక్సెల్_పంతులు (హైదరాబాద్)

స్టూడియో ఆయన ఏమీ వేయలేదండీ. వేయడానికి ఆయన దగ్గర సరంజామా కూడా ఉండదు. మీ మెషీను మాక్రోవిజన్, అంటే సినిమా క్యాసెట్లని కాపీ చేయనీకుండా వేసే తాళం, ఉందని భ్రమపడుతోంది. అదేమిటో తెలిస్తే ఎందుకు భ్రమపడుతోందో అర్థమవుతుంది. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో బొమ్మ 625 గీతలు. అన్నీ తెర మీద కనపడవు. ఒక ఫీల్డ్ (సగం గీతల బొమ్మ) అయ్యాక టీవీలోని కిరణం అడుగు నుంచి మళ్లీ పైకి ఎక్కడానికి కొంత సమయం కావాలి. ఆ సమయంలో వచ్చే గీతలు ఖాళీగా ఉంటాయి. పాత టీవీలో బొమ్మ పైకి జారినప్పుడు మధ్యలో అడ్డంగా నల్లటి పట్టీ కనపడేది గుర్తుందా? అదే ఈ ఖాళీ జాగా.

వీహెచ్ఎస్ వీసీఆర్‌లో రికార్డు చేసేటప్పుడు ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ అనే సర్క్యూట్ పనిచేస్తుంది. వచ్చే సిగ్నల్ బలహీనంగా ఉంటే పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉందో తెలుసుకోవడానికి అది సింక్ పల్స్‌నీ (గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంకేతం), దాని వెంటనే వచ్చే నలుపు స్థాయినీ పోల్చి చూస్తుంది. మాక్రోవిజన్ చేసిందల్లా ఆ ఖాళీ గీతల్లో దొంగ సింక్ పల్స్‌లు పెట్టి, వాటి వెనకే నలుపు ఉండాల్సిన చోట మితిమీరిన తెలుపు పెట్టడం. కళ్లలోకి టార్చిలైటు కొడితే కనుపాప ముడుచుకున్నట్టు, వీసీఆర్ గెయిన్ తగ్గించేస్తుంది. అసలు బొమ్మ చీకటైపోతుంది. సింక్ కూడా పలచబడి బొమ్మ జారుతుంది, చిరుగుతుంది. పైగా ఆ తెల్ల పల్స్‌ల ఎత్తుని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు, అందుకే కాపీలో బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. టీవీ గెయిన్ సర్క్యూట్ ఇలా పనిచేయదు, కాబట్టి నేరుగా చూసేవాళ్లకి తేడా తెలియదు. అందులోని తెలివంతా అదే.

జాన్ ర్యాన్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. కంపెనీ 1983లో మొదలైంది, ఒకటి రెండేళ్లలోనే హాలీవుడ్ క్యాసెట్ల మీదికి ఎక్కింది. సోనీ వాళ్ల వేరే రకం క్యాసెట్ బీటామాక్స్, ఆ మెషీన్ల మీద దీని ప్రభావం తక్కువ, వాటి గెయిన్ సర్క్యూట్ తీరు వేరు.

ఇక మీ సంగతి. డీవీడీ రికార్డర్లూ, క్యాప్చర్ స్టిక్కులూ ఆ పల్స్‌లకి తికమకపడవు. వాటిలో చిప్ ఆ గీతల్ని వెతికి చూస్తుంది. అలాంటి పల్స్ కనపడితే మర్యాదగా ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు దాటిన టేపులో ఆ ఖాళీ జాగాలో తెల్ల చుక్కలూ, కదిలిపోయిన సింకూ ఉంటాయి. చిప్ దాన్ని చూసి "దొరికింది దొంగ" అనుకుంటోంది. పాడైన టేపుకీ, తాళం వేసిన టేపుకీ తేడా దానికి తెలియదు.

---

గోదారిగట్టు (రాజమండ్రి)

పంతులు గారు బాగా చెప్పారు. నేను అప్పట్లో వీడియో లైబ్రరీ నడిపినవాణ్ణి. ఈ వెలుగుతూ ఆరే జబ్బు నాకు ఇంగ్లీషు సినిమాల ఒరిజినల్ క్యాసెట్లలో తగిలేది. మన తెలుగు క్యాసెట్లకి ఉన్న రక్షణ వేరు. బొమ్మ కింద ప్రకటనలు పరిగెత్తేవి గుర్తున్నాయా? చీరల షాపు, వీడియో కంపెనీ పేరు, ఫోన్ నంబరు, హీరోయిన్ ఏడుస్తుంటే ఆవిడ గడ్డం మీదుగా వెళ్లిపోయేవి. కొంత ఆదాయం కోసం, కొంత ఎవడు కాపీ చేసుకున్నా మా పేరు పోకూడదని.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల అప్పుడు కలర్ టీవీ వచ్చింది. వాటితోపాటే వీసీఆర్లూ దిగాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లు మా వ్యాపారం ఎలా ఉండేదంటే, శనివారం సాయంత్రం డెక్కూ కలర్ టీవీ కలిపి రిక్షాలో పంపిస్తే సోమవారం పొద్దున తిరిగొచ్చేవి. ఊళ్లలో పందిరి వేసి రాత్రంతా మూడు సినిమాలు ఆడించేవారు. మనిషికి రూపాయి.

ఆ క్యాసెట్లలో ఎక్కువ భాగం కాపీకి కాపీకి కాపీ. వీహెచ్ఎస్‌లో మొదటి ముద్రే అంతంతమాత్రం, నాలుగో కాపీకి ఎర్ర చీర రంగు పక్కనున్న మనిషి మీదికి కారేది. అయినా జనం చూసేవారు. హాళ్లవాళ్లు గోలపెట్టారు, నిర్మాతలు గోలపెట్టారు. వాళ్ల గోల అబద్ధం కాదు. రిలీజైన వారానికే బొమ్మ ఊళ్లో పందిట్లో ఆడితే బీ, సీ సెంటర్ల హాలుకి ఎవరొస్తారు? 1984లో చట్టం మార్చి, క్యాసెట్ పెట్టె మీద తీసినవాళ్ల పేరు, అడ్రసు, సెన్సార్ సర్టిఫికెట్ కాపీ ఉండాలని రూలు పెట్టారు. మాలో చాలామంది షాపుల మీద దాడులు జరిగింది ఆ తర్వాతే.

---

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ)

పెద్దాయనా, మీ కాలం దొంగలకి వేసిన తాళం ఇప్పుడు ఈ అన్న వాళ్ల అమ్మానాన్న పెళ్లికి పడ్డది కదా. గదే నేననేది. పైసలు పెట్టి కొన్న డబ్బా నాది, క్యాసెట్ నాది, నడుమ నువ్వెవరు ఆపడానికి?

మా ఇంట్ల కూడా ఇదే లొల్లి. డీటీహెచ్ రికార్డింగ్ డబ్బాలో మా నాయనమ్మ కోసం బతుకమ్మ ప్రోగ్రాంలు మస్తు దాచిపెట్టినం. డబ్బా కరాబైంది, కంపెనీవాళ్లు కొత్త డబ్బా ఇచ్చిండ్రు. పాత హార్డ్ డిస్క్ కంప్యూటర్‌కి పెడితే ఒక్క ఫైలు తెరుచుకోలే. ఆ డబ్బాకే తాళం అంట. ఆమె ఇప్పుడు లేదు, ఆమె చూసిన ప్రోగ్రాంలూ లేవు.

---

యొకొహామా_నుంచి (జపాన్)

పోరడు గారి బాధ ఇక్కడ ఇంటింటి బాధ. జపాన్‌లో డిజిటల్ టీవీ చూడాలంటే సెట్‌లో బీ-క్యాస్ అనే చిన్న కార్డు, కొత్త సెట్లలోనైతే అలాంటి చిప్, ఉండాలి. ఉచితంగా వచ్చే చానళ్లు కూడా స్క్రాంబుల్ అయ్యే వస్తాయి. 2004లో అన్నిటికీ "ఒక్కసారే కాపీ" అనే గుర్తు పెట్టారు. అంటే రికార్డర్ హార్డ్ డిస్క్‌లో ఎక్కడమే ఆ ఒక్కసారి. డీవీడీకి ఎక్కిస్తే హార్డ్ డిస్క్‌లోది చెరిగిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ చెడ్డదైనా రెండు చోట్లా పోతుంది. జనం మొత్తుకుంటే 2008 జులై 4 నుంచి "డబ్బింగ్ 10" తెచ్చారు. తొమ్మిది కాపీలు తీసుకోవచ్చు, పదోసారి మూలం వెళ్లిపోతుంది.

డీవీడీ కూడా మామూలుది పనికిరాదు, సీపీఆర్‌ఎం అనే కాపీ తాళానికి పనికొచ్చేదే కావాలి. అది కొన్ని ప్లేయర్లలో ఆడదు. రికార్డర్ చచ్చిపోతే దానికి తగిలించిన యూఎస్‌బీ డిస్క్‌లోవి వేరే రికార్డర్‌లో చాలావరకు తెరుచుకోవు. ఇవన్నీ తయారుచేసిన దేశంలోనే ఇంత కట్టడి.

---

అట్లాంటా_అక్క (జార్జియా, అమెరికా)

కృష్ణలంక, ముందు నువ్వు కంగారు పడకు నాన్నా. ఇలాంటిది మాకు జరిగింది, ఇంకా చిక్కుగా జరిగింది. మావి 1980ల చివర్లో ఇక్కడ తీసిన క్యాసెట్లు, అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. ఇండియా నుంచి వచ్చినవి పాల్. మామూలు అమెరికా వీసీఆర్‌లో పాల్ క్యాసెట్ పెడితే గొంతులు తేడాగా వినిపిస్తాయి, బొమ్మ గీతలు గీతలుగా పోతుంది. అందుకని తెలుగువాళ్లందరం కలిసి ఒక మల్టీసిస్టమ్ డెక్కు కొనుక్కుని ఇంటింటికీ తిప్పేవాళ్లం. ఎవరింటికి డెక్కు వస్తే ఆ వారం వాళ్లింట్లో సినిమా, పులిహోర.

పోరడు తమ్ముడు అడిగిన "నడుమ నువ్వెవరు" ప్రశ్న మీద ఇక్కడ సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. సోనీ 1975లో బీటామాక్స్ తెచ్చింది. మరుసటి ఏడాదే యూనివర్సల్, డిస్నీ కేసు వేశాయి. ఇంట్లో రికార్డు చేసుకునే మెషీన్ అమ్మడమే నేరానికి సాయం చేయడం అని వాళ్ల వాదన. కింది కోర్టులో సోనీ గెలిచింది, అప్పీలులో ఓడింది, 1984 జనవరి 17న సుప్రీం కోర్టులో ఐదుగురు జడ్జీలు అటు, నలుగురు ఇటు అయి బతికింది. ఇప్పుడు చూడలేని ప్రోగ్రాంని తర్వాత చూడ్డానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదన్నారు. పిల్లల ప్రోగ్రాం చేసే ఫ్రెడ్ రోజర్స్ నా కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని తర్వాత చూస్తే నాకు సంతోషమే అని సాక్ష్యం చెప్పాడు. తీర్పులో ఆ మాటని జడ్జీలు ప్రస్తావించారు.

స్టూడియోల తరఫు పెద్దమనిషి జాక్ వాలెంటి 1982లో కాంగ్రెస్ ముందు వీసీఆర్‌ని ఒంటరి ఆడదానికి ఎదురైన బోస్టన్ హంతకుడితో పోల్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే అదే స్టూడియోలకి హాళ్ల కన్నా క్యాసెట్ల మీద ఎక్కువ డబ్బు రావడం మొదలైంది. అది కూడా ఎవరూ అంతగా చెప్పుకోరు.

కోర్టులో ఓడిపోయినదాన్ని తర్వాత చట్టంలో తెచ్చుకున్నారు. 1998లో వచ్చిన డీఎమ్‌సీఏ అనే కాపీరైట్ చట్టంలో ఒక సెక్షన్ ప్రకారం 2000 ఏప్రిల్ తర్వాత ఇక్కడ అమ్మే వీహెచ్ఎస్ రికార్డర్లు ఆ గెయిన్ కంట్రోల్ కాపీ అడ్డుకట్టకి లోబడేలా ఉండాలి. అంటే మాక్రోవిజన్‌కి లొంగని వీసీఆర్‌ని తయారు చేయడమే కుదరదన్నమాట.

---

డెక్కు_మెకానిక్ (గుంటూరు)

అక్కయ్యా, ఆ గెయిన్ తలనొప్పి నేను డీవీడీలు వచ్చిన కొత్తలో చాలా చూశాను. అప్పటి టీవీల్లో చాలావాటికి వెనక పసుపు సాకెట్ ఉండదు, యాంటెన్నా పిన్నే. జనం డీవీడీ ప్లేయర్ కొని, దాన్ని వీసీఆర్‌కి, వీసీఆర్‌ని టీవీకి కలిపేవారు. ఒరిజినల్ డిస్క్ పెడితే ప్లేయర్ లోపలి చిప్పే ఆ పల్స్‌లు పుట్టిస్తుంది. బొమ్మ పది సెకన్లు వెలుగు, పది సెకన్లు చీకటి. "ప్లేయర్ కొత్తది, పాడైపోయింది" అని షాపుకి తెచ్చేవారు. రోడ్డు పక్కన కొన్న డిస్క్ పెడితే చక్కగా ఆడేది. డబ్బు పెట్టి అసలుది కొన్నవాడికే ఈ శిక్ష. నేనేం చెప్పను వాళ్లకి?

---

గోదారిగట్టు (రాజమండ్రి)

అది మాత్రం ఒప్పుకుంటాను. మన దేశంలో దొంగ డిస్కుల్ని కొంతైనా ఆపింది తాళాలు కాదు, ధర. 2007 ప్రాంతంలో డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి పెట్టారు. కిరాణా కొట్లలో కూడా వేలాడదీశారు. అప్పుడు చూశాను, మామూలు మనుషులు ఒరిజినల్ అడిగి కొనుక్కోవడం.

---

నల్లకోటు (హైదరాబాద్)

వృత్తిరీత్యా ఒకటి రెండు మాటలు. ఇది ఎవరికీ న్యాయ సలహా కాదు, మామూలు కబుర్లే అనుకోండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి ఫొటోగానీ ఫిల్ముగానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవారే. కాబట్టి ఆ పెళ్లి వీడియో హక్కు స్టూడియోది కాదు. పెళ్లి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో వాళ్లది. మన వైపు ఆనవాయితీ ప్రకారం అది బహుశా కృష్ణలంక గారి అమ్మమ్మ వాళ్లింటిది. నాన్నగారికి షష్టిపూర్తి నాడు ఈ సంగతి చెప్పకండి.

రెండోది, సొంత వాడకానికి సరసమైన ఉపయోగం అనే మినహాయింపు 52వ సెక్షన్‌లో ఉంది. కానీ 2012 సవరణకి ముందు అది పుస్తకాలు, నాటకాలు, సంగీతం, చిత్రకళ లాంటి రచనలకే. సినిమాకి లేదు. ఆ సవరణలో కంప్యూటర్ ప్రోగ్రాం తప్ప "ఏ రచనకైనా" అని మార్చారు. అంటే 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం సినిమాని ఇంట్లో రికార్డు చేసుకున్న ప్రతి కుటుంబమూ అక్షరాలా చూస్తే ఆ మినహాయింపు బయటే ఉన్నట్టు. ఎవరినీ పట్టుకోలేదు, అది వేరే విషయం.

మూడోది, అదే సవరణలో 65ఏ అనే కొత్త సెక్షన్ పెట్టారు. కాపీ రక్షణని దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే "హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో" దాటితేనే. అక్కయ్య గారు చెప్పిన అమెరికా చట్టంతో పోలిస్తే ఇక్కడే తేడా ఉంది. మన చట్టం ఉద్దేశం చూస్తుంది. వీసీఆర్లు ఫలానా సర్క్యూట్‌తోనే తయారు చేయాలన్న నిబంధన మన చట్టంలో లేదు.

---

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ)

లాయర్ సాబ్, సట్టం ఉద్దేశం చూస్తది సరే, డబ్బా చూడదు కదా. కోర్టుకి పోతే నేను గెలుస్త, ఇంట్ల మాత్రం నీలం తెర.

---

నల్లకోటు (హైదరాబాద్)

దీనికి నా దగ్గర జవాబు లేదు.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ)

అందరికీ చాలా థాంక్స్. మెకానిక్ గారూ, మీరడిగినవి చూశాను.

ఫంగస్ లేదు. టేపు అంచు నల్లగా శుభ్రంగా ఉంది, చీరల్లో నాఫ్తలీన్ ఉండలతోపాటు ఉన్నందుకేమో. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ నాలుక విరిచేసి ఉంది, అది లేకపోతే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. అమ్మ చెప్పింది, మావయ్య ఒకసారి దీని మీదే 1996 ప్రపంచ కప్ సెమీఫైనల్ రికార్డు చేయబోతే చేతిలోంచి లాక్కుని ఆ రోజే విరిచేసిందట. అంటే దీనికి అసలైన కాపీ ప్రొటెక్షన్ మా అమ్మే.

ఆగిపోయే చోట బొమ్మ అడుగున గజిబిజి పట్టీ ఉంది, పైన జెండా ఊగినట్టు పక్కకి లాగుతోంది. ట్రాకింగ్ తిప్పితే పట్టీ కొంచెం కిందికి పోతోంది, మళ్లీ వస్తోంది. ఇంకోటి, ఆ చోటు నుంచే స్పెషల్ ఎఫెక్ట్స్ మొదలవుతాయి. తామర పువ్వు విచ్చుకుని అందులోంచి అమ్మ ముఖం వస్తుంది. ఆ తర్వాత గుండె బొమ్మలో నాన్న. అంతకు ముందు భాగం బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అక్కణ్నుంచి మసకగా ఉంటుంది.

---

డెక్కు_మెకానిక్ (గుంటూరు)

అదీ సంగతి. ఎదురుసన్నాహం దాకా కెమెరా క్యాసెట్ నుంచి నేరుగా ఎక్కించారు. జీలకర్ర బెల్లం నుంచి మిక్సింగ్ చేసి ఎక్కించారు, అంటే ఒక తరం దిగిపోయింది. మిక్సర్ నుంచి రికార్డు చేసిన డెక్కు హెడ్డు కొంచెం అలైన్‌మెంట్ తప్పి ఉండొచ్చు. అడుగున గజిబిజి అంటే హెడ్డు మారే చోటు. అది ఆ ఖాళీ గీతలకి ఆనుకునే ఉంటుంది. అక్కడి చెత్తే పంతులు గారు చెప్పిన చిప్‌కి దొంగ పల్స్‌లా కనపడుతోంది.

ముందు చేయాల్సింది ఇది. వీసీఆర్ మూత తీసి హెడ్డు డ్రమ్మునీ, టేపు నడిచే దారినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించు. హెడ్డు మీద దూదిపుల్ల పెట్టొద్దు, పోగు చిక్కుకుంటే హెడ్డు విరిగిపోతుంది. లెదర్ గుడ్డ ముక్కని డ్రమ్ముకి ఆనించి పట్టుకుని, డ్రమ్ముని చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దకూడదు. చేయి తిరగకపోతే తెలిసినవాళ్లకి ఇవ్వు. క్యాసెట్‌ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పు, టేపు చుట్ట సమానంగా బిగుస్తుంది. వీలైతే వేరే కంపెనీ వీసీఆర్‌లో కూడా వేసి చూడు. ఒక డెక్కుకి రాని ట్రాకింగ్ ఇంకో దానికి వస్తుంది.

---

పిక్సెల్_పంతులు (హైదరాబాద్)

దాంతో తగ్గకపోతే టైమ్ బేస్ కరెక్టర్ కావాలి. ఇందులో రెండు రకాలు, జనం కలిపేస్తుంటారు. కొన్ని మంచి ఎస్-వీహెచ్ఎస్ (వీహెచ్ఎస్‌లోనే మెరుగైన రకం) డెక్కుల్లో లోపలే ఉండేది గీతల్ని సరిచేస్తుంది, అంటే పైన జెండాలా ఊగడం తగ్గుతుంది. మీ నీలం తెరకి అది చాలకపోవచ్చు. మీకు కావాల్సింది బొమ్మ మొత్తాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా మెమరీలోకి తీసుకుని, కొత్త సింకుతో, కొత్త ఖాళీ గీతలతో బయటికి పంపే రకం. పాత ఖాళీ గీతల్లోని చెత్త అక్కడే ఆగిపోతుంది. చిప్‌కి శుభ్రమైన సిగ్నల్ కనపడుతుంది. కొత్తవి ఇప్పుడు దొరకడం కష్టం, పాతవి విదేశాల్లో బాగా ఖరీదు.

---

డెక్కు_మెకానిక్ (గుంటూరు)

ఖరీదు పెట్టక్కర్లేదు పంతులు గారూ. ఆ తామర పువ్వు వేసిన మెషీన్ ఏంటనుకున్నారు? పెళ్లి స్టూడియోల్లో పానసోనిక్ ఏవీఈ-5, ఎంఎక్స్-50 లాంటి మిక్సర్లు ఉండేవి. రెండు డెక్కుల బొమ్మల్ని కలపాలంటే రెండూ ఒకే అడుగు వేయాలి కదా, అందుకని వాటిలో ఫ్రేమ్ సింక్రొనైజర్ ఉంటుంది. ఎఫెక్ట్ ఏమీ వేయకుండా ఊరికే దాని గుండా పంపినా మీరు చెప్పిన పనే చేస్తుంది.

కృష్ణలంక బాబూ, గాంధీనగర్‌లోనో గవర్నర్‌పేటలోనో పాత వీడియో స్టూడియోలు నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా అడిగి చూడు. చాలామంది దాన్ని పారేయలేదు, అటక మీద ఉంటుంది. ఒక పూట అద్దెకి ఇస్తారు.

---

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ)

ఆగండి ఆగండి. అంటే ఆ మిక్సర్ షాపు క్యాసెట్ పెట్టినా మాక్రోవిజన్ తీసేస్తదా? ఇన్నేళ్లు ప్రతి ఊర్ల పెళ్లి స్టూడియోలనే తాళంచెవి ఉన్నట్టా?

---

పిక్సెల్_పంతులు (హైదరాబాద్)

దానికి ఏ క్యాసెట్టో తెలియదు. వచ్చిన బొమ్మని తీసుకుని కొత్త సింకుతో పంపుతుంది, అంతే.

---

నిర్వాహకులు

ఇక్కడిదాకా సరే. షాపు క్యాసెట్లు, సినిమా డిస్కులు కాపీ చేయడం మీద చర్చ ఈ థ్రెడ్‌లో వద్దు. ఇంటి క్యాసెట్లకే పరిమితం అవుదాం.

---

గోదారిగట్టు (రాజమండ్రి)

సరే నిర్వాహకులు గారూ. ఇంటి క్యాసెట్ల గురించే ఒక మాట. ఇంట్లో ఎవరైనా పాత దూరదర్శన్ రికార్డింగులు ఉంటే "టీవీలో వచ్చిందేగా" అని పారేయకండి. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో రాత్రింబగళ్లు టీవీ వార్తలు రికార్డు చేసింది. దాదాపు 70 వేల క్యాసెట్లు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి అనుకుని ఉంటారు. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు దాచిపెడుతున్నారు, ఎందుకంటే చాలా చానళ్ల దగ్గరే అవి లేవు. మా షాపులో కవి సమ్మేళనాలు, హరికథలు రికార్డు చేసిన క్యాసెట్లు ఒక అట్టపెట్టెడు ఉండేవి. ఖాళీ క్యాసెట్ ధర ఎక్కువని వాటి మీదే సినిమాలు ఎక్కించి అద్దెకి తిప్పాం. ఆ రోజుల్లో అదే తెలివి అనుకునేవాళ్లం.

---

అట్లాంటా_అక్క (జార్జియా, అమెరికా)

హరికథల మీద సినిమాలు ఎక్కించారా గోదారి గారూ! మిమ్మల్ని ఏమనాలో తెలియట్లేదు.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ)

పని అయింది! హెడ్డు శుభ్రం చేయించాక అడుగు గజిబిజి సగం తగ్గింది కానీ రికార్డర్ ఇంకా రెండు చోట్ల ఆగింది. మెకానిక్ గారు చెప్పినట్టే గవర్నర్‌పేటలో ఒక పెద్దాయన దగ్గర మిక్సర్ దొరికింది, అటక మీదే. దుమ్ము దులిపి, కరెంటు పెట్టి, వేడెక్కేదాకా కాసేపు ఆగమన్నారు. వీసీఆర్ నుంచి మిక్సర్‌కి, మిక్సర్ నుంచి నా స్టిక్‌కి. అప్పగింతల దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, నాణ్యత ఏమీ పోని కంప్రెషన్‌తో తీశాం, గంటకి 30 జీబీ పైనే అయింది. ఒరిజినల్ ఫైలు హార్డ్ డిస్కులో పెట్టి, హాల్లో వేయడానికి చిన్నది తయారు చేస్తున్నాను.

పెద్దాయన డబ్బు తీసుకోలేదు. తామర పువ్వు ఎఫెక్ట్ వచ్చినప్పుడు మాత్రం "ఇది మా దగ్గర నేర్చుకున్నవాడే చేశాడు" అన్నారు.

ఒక చిన్న కాపీ ఒక వీడియో సైట్‌లో బంధువుల కోసం ప్రైవేట్‌గా పెట్టాను. గంట తిరక్కుండా కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. సన్నాయి తర్వాత స్టూడియోవాళ్లు వేసిన సినిమా పాట పట్టేసింది.

---

ఓరుగల్లు_పోరడు (హన్మకొండ)

అన్నా, ఇగ నీకు ముక్తి లేదు.

---

నల్లకోటు (హైదరాబాద్)

ఈసారి మాత్రం దానికి భ్రమ కాదు, పాట నిజంగా వాళ్లదే. ఆ ముక్క ఆడియో తీసేసి పెట్టండి, లేదా పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి.

---

మస్కట్_మావయ్య (ఒమన్)

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. నా దగ్గర ఉన్నవి వీహెచ్ఎస్ కాదు, చిన్న సైజు వీడియో8 క్యాసెట్లు, 1990ల్లో గల్ఫ్‌లో తీసినవి. కెమెరా చెడిపోయింది. వీటికి కూడా మిక్సర్ పద్ధతి పనిచేస్తుందా?

---

డెక్కు_మెకానిక్ (గుంటూరు)

పనిచేస్తుంది గానీ, ముందు ఆడించే కెమెరా కావాలి కదా బావగారూ. సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్లు పాత వీడియో8, హై8 క్యాసెట్లని కూడా ఆడించి, ఫైర్‌వైర్ తీగ మీద డిజిటల్‌గానే బయటికి ఇస్తాయి. గంటకి 13 జీబీ దాకా అవుతుంది, బొమ్మ నిలకడగా వస్తుంది, మిక్సర్ అక్కర్లేకపోవచ్చు. అన్ని మోడళ్లూ ఆడించవు, కొనే ముందు మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. మీవి గల్ఫ్‌వి కాబట్టి బహుశా పాల్, అయినా క్యాసెట్ మీద ఏముందో చూడండి. పీ5 అని ఉంటే పాల్, పీ6 అని ఉంటే ఎన్‌టీఎస్‌సీ. కెమెరా కూడా దానికి తగ్గదే కావాలి.